ఇంటి వైఫై రౌటర్: ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు

ఇంటి వైఫై రౌటర్ చూడటానికి ఒక పెట్టే గానీ, అందులో మూడు నాలుగు యంత్రాలు ఇమిడి ఉంటాయి. బయటి లైనును అందుకునే మోడెం, ఇంట్లోని పరికరాలకు చిరునామాలు పంచి ఏ సమాచారం ఎవరికి చేరాలో తేల్చే అసలు రౌటర్, తీగలు గుచ్చుకునే స్విచ్, తీగలు లేకుండా మాట్లాడే రేడియో. ఇవన్నీ ఒకే వేగంతో పాతబడవు. అందుకే ‘రౌటర్ మార్చాలా, ఉన్నదానితో సర్దుకోవాలా’ అన్న ప్రశ్నకు పాతికేళ్లలో ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. కాలువకే నీళ్లు రానప్పుడు తూము వెడల్పు చేసి లాభం ఉండదు. కాలువ నిండుగా పారుతున్నా శివారు పొలం తడవలేదంటే లోపం బోదెలో ఉన్నట్టు. ఇంటి రౌటర్ చరిత్రలోనూ ఇరుకు ఒక చోట నిలవలేదు. లైను నుంచి గాలిలోకి, గాలి నుంచి గోడల్లోకి, అక్కడి నుంచి పెట్టె వెనక ఉన్న పోర్టులోకి జరుగుతూ వచ్చింది.

తీగ లేకుండా కంప్యూటర్లను కలపడం ఇళ్ల కోసం పుట్టిన ఆలోచన కాదు. పసిఫిక్ మహాసముద్రంలో దీవుల మీద చెదిరి ఉన్న హవాయి విశ్వవిద్యాలయం శాఖలను కలపడానికి నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహానెట్‌ను నడిపింది. ఒకే రేడియో మార్గాన్ని అందరూ వాడుకోవడం, ఇద్దరి మాటలు ఢీకొంటే కాసేపు ఆగి మళ్లీ పంపడం అందులోని పద్ధతి. నేటి వైఫై పరికరాలు వంతులు పంచుకునే తీరుకు ఇదే మూలం. ఒకే గాలిని అందరూ పంచుకోవాలి గనుక ఇంట్లో పరికరాలు పెరిగే కొద్దీ ఒక్కొక్కరి వంతు తగ్గుతుందన్న నియమం కూడా అప్పుడే స్థిరపడింది.

ఇంటింటికీ రేడియో రావాలంటే లైసెన్సు అడ్డు తొలగాలి. 1985లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ పని చేసింది. మైక్రోవేవ్ ఓవెన్లు, పారిశ్రామిక హీటర్లు వాడే ‘చెత్త’ తరంగాల్లో, 2.4 గిగాహెర్ట్జ్ సహా మూడు బ్యాండ్లలో, అనుమతి పత్రం లేకుండా సమాచారం పంపుకోవచ్చని చెప్పింది. ఎవరికీ పనికిరావనుకున్న ఆ ముక్క మీదే తర్వాత ఇంత పరిశ్రమ నిలబడింది. క్యాష్ రిజిస్టర్లు తయారుచేసే ఎన్‌సీఆర్ కంపెనీ దుకాణాల్లో తీగల బెడద తప్పించడానికి నెదర్లాండ్స్‌లో వేవ్‌ల్యాన్‌ను తయారుచేసింది. కంపెనీకో పద్ధతి ఉంటే ఎవరి సరుకూ నిలవదని 1990లో ఐఈఈఈ 802.11 అనే సంఘం ఏర్పడింది. ఎన్‌సీఆర్ ఇంజినీరు విక్ హేస్ దానికి పదేళ్లు అధ్యక్షత వహించాడు. 1997లో వెలువడిన మొదటి ప్రమాణం వేగం 2 ఎంబీపీఎస్.

అదే దశకంలో ఆస్ట్రేలియాలో జాన్ ఒసల్లివన్ బృందం మరో చిక్కు విప్పింది. గదిలో రేడియో తరంగం గోడలకు, బల్లలకు తగిలి ప్రతిధ్వనులుగా తిరిగొస్తుంది. అవన్నీ కలిసి అసలు మాటను చెడగొడతాయి. కృష్ణబిలాల నుంచి వచ్చే బలహీనమైన సంకేతాల కోసం వెతికిన అనుభవం ఉన్న ఆ ఖగోళ శాస్త్రవేత్త, సమాచారాన్ని చాలా సన్నని పాయలుగా చీల్చి పంపితే ప్రతిధ్వనుల బాధ తగ్గుతుందని చూపించాడు. అతని సంస్థ సీఎస్ఐఆర్ఓకు 1996లో అమెరికా పేటెంటు దక్కింది. తర్వాతి వైఫై తరాలు ఇదే దారిలో నడిచాయి.

ఇళ్ల కథ 1999లో మొదలైంది. ఆ ఏడు జులైలో ఆపిల్ కంపెనీ ఐబుక్ ల్యాప్‌టాప్‌తో పాటు ఎయిర్‌పోర్ట్ అనే పెట్టెను చూపించింది. ధర 299 డాలర్లు. 802.11బి ప్రమాణం, 11 ఎంబీపీఎస్ వేగం. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ పెట్టెలోనే ఫోను లైనుకు తగిలించే 56 కేబీపీఎస్ మోడెం కూడా ఉండేది. అంటే కాగితం మీద గాలిలోని వేగం లైను వేగానికి దాదాపు 200 రెట్లు. వైఫైలో చెప్పిన వేగంలో సగమే దక్కుతుందనుకున్నా 100 రెట్లు మిగులు. అలాంటి ఇంట్లో ఎంత కొత్త రౌటర్ తెచ్చినా పేజీ ఒక్క క్షణం ముందు తెరుచుకోదు. తొలి తరం కొనుగోలుదారులు వేగం కోసం కాదు, తీగ పీడ వదిలించుకోవడానికే కొన్నారు. ‘వైఫై’ అన్న పేరు పెట్టిందీ, వేర్వేరు కంపెనీల సరుకు ఒకదానితో ఒకటి పనిచేస్తుందని ముద్ర వేసే సంఘం ఏర్పడిందీ ఆ ఏడాదే.

రౌటర్ మార్చడానికి మొదటి గట్టి కారణం వేగం కాదు, తాళం. తొలి వైఫైకి వేసిన తాళం పేరు వెప్. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు దాని గుట్టు బయటపెట్టారు. గాలిలో పోయే సమాచారాన్ని కాసేపు పోగుచేసుకుంటే చాలు, తాళంచెవి దొరికిపోతుంది. అప్పటికే లక్షల పెట్టెలు ఇళ్లలో ఉన్నాయి. వాటిని పారేయకుండా సాఫ్ట్‌వేర్ మార్పుతోనే నడిచేలా 2003లో డబ్ల్యూపీఏ అనే మధ్యంతర తాళం తెచ్చారు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 మాత్రం బరువైన లెక్కలు అడిగేది, అది చాలా పాత పెట్టెల శక్తికి మించిన పని. సాఫ్ట్‌వేర్‌తో సరిపోయేది ఏది, పెట్టెనే మార్చాల్సింది ఏది అన్న తేడా ఇళ్లవాళ్ల ముందుకు మొదటిసారి వచ్చింది అప్పుడే.

ఆ తేడాను అందరికంటే బాగా చూపించిన పెట్టె లింక్సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ. 2002 చివర్లో వచ్చిన ఈ నీలం, నలుపు రంగుల రౌటర్ 54 ఎంబీపీఎస్ వేగమిచ్చే 802.11జి తరానిది. 2003లో సిస్కో ఆ కంపెనీని 50 కోట్ల డాలర్ల విలువకు కొన్నది. కొద్ది నెలల్లోనే ఔత్సాహికులు ఆ పెట్టె లోపల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నడుస్తోందని పట్టేశారు. లినక్స్‌ను వాడుకుని సరుకు అమ్మేవాళ్లు తమ మార్పుల మూలాన్ని బయటపెట్టాలన్నది దాని లైసెన్సు షరతు. ఒత్తిడి పెరిగి కంపెనీ మూలాన్ని విడుదల చేసింది. దాని మీద 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలైంది. సాధారణ ధరకు కొన్న రౌటర్ అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన యంత్రం పనులు చేయసాగింది. తయారీదారు మరిచిపోయిన పెట్టెకు కూడా కొత్త ఊపిరి పోయొచ్చని, యజమానికి తన వస్తువు మీద హక్కు ఉందని నిరూపించిన సందర్భం ఇది. ఇంటి రౌటర్ చరిత్రలో ఇంతకంటే విలువైన మలుపు మరొకటి లేదు.

భారతదేశంలో ఈ కథ 2005 జనవరిలో ఊపందుకుంది. ఆ నెలలోనే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం నియమాలు ప్రకటించింది. ఆ నెలలోనే బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. అప్పటి ప్రభుత్వ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2007లో వేగం 2 ఎంబీపీఎస్ దాకా పెరిగింది. ల్యాండ్‌లైన్ ఎక్కడుంటే మోడెం అక్కడే. తెలుగిళ్లలో అది హాల్లో స్టూలు మీదో, తలుపు పక్క గూట్లోనో ఉండేది. చాలా మోడెంలకు వైఫై ఉండేది కాదు. తర్వాత వైఫై ఉన్నది తెచ్చుకున్నవాళ్లకు కూడా 54 ఎంబీపీఎస్ రేడియో ముందు 2 ఎంబీపీఎస్ లైను పిల్లకాలువే. ఆ దశకంలో ‘నెట్ స్లో’ అన్న ఫిర్యాదుకు రౌటర్ కారణం కావడం అరుదు. రాగితీగ పొడవు, వానకు తడిసిన జాయింట్లు, ఎక్స్‌ఛేంజికి ఇంటికి మధ్య దూరం, అసలు దోషులు ఇవి.

తాళం సంగతి మాత్రం ఇక్కడ చేదు అనుభవంతో తెలిసొచ్చింది. 2008 జులైలో అహ్మదాబాద్ బాంబు పేలుళ్లకు ముందు పంపిన ఈమెయిల్, నవీ ముంబైలో ఒక ఇంటి తాళం లేని వైఫై మీదుగా వెళ్లిందని దర్యాప్తులో బయటపడింది. ఇంటివాళ్లకు ఏ పాపం తెలియదు, కానీ చిరునామా వాళ్లదే. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై కనెక్షన్లను భద్రంగా ఉంచాలని సర్వీసు సంస్థలను ఆదేశించింది. పాస్‌వర్డ్ లేకుండా వదిలేయడం ఉదారత కాదు, ప్రమాదం అన్న అవగాహన అక్కడి నుంచి పెరిగింది.

2009లో ఖరారైన 802.11ఎన్ తరం రౌటర్లకు కొమ్ములు మొలిపించింది. ఒకే సమయంలో పలు యాంటెన్నాల నుంచి వేర్వేరు పాయలు పంపి, అవతల మళ్లీ విడదీసుకునే ఈ పద్ధతి పేరు మైమో. దీనికి పునాది వేసిన తొలి పేటెంట్లలో ఒకటి స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన ఇద్దరు భారతీయులది. భారత నౌకాదళంలో సోనార్ నిర్మించి అమెరికా వెళ్లిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, పుణెలో పుట్టిన థామస్ కైలాత్ 1992లో దాన్ని దాఖలు చేశారు. ఒసల్లివన్ శత్రువులా చూసిన ప్రతిధ్వనులను పాల్‌రాజ్ పనిముట్టుగా మార్చాడు. తరంగాలు గోడలకు తగిలి వేర్వేరు దారుల్లో రావడమే పాయలను విడదీయడానికి సాయపడుతుంది.

పెట్టె మీది అంకె మోసం కూడా ఇక్కడే మొదలైంది. ఎన్150, ఎన్300 అన్నవి ప్రయోగశాలలో రేడియోకు సాధ్యమైన పైహద్దులు. 300 రావాలంటే ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉండాలి. 2.4 బ్యాండ్ మొత్తం 83.5 మెగాహెర్ట్జే, ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్టుమెంట్లలో ఒక్క ఫ్లాటులో నిలబడితే పది పదిహేను పేర్లు ఫోనులో కనిపించే రోజులు వచ్చాయి. అంతమంది మూడు దారుల్లో తోసుకుంటుంటే 40 వెడల్పు దక్కే ప్రశ్నే లేదు. పక్కింట్లో ఓవెన్ తిరిగినా ఇక్కడ వీడియో ఆగేది. ఇరుకు లైను వదిలి గాలిలోకి వచ్చింది. ఎన్150 తీసి ఎన్300 పెట్టినవాళ్లకు తేడా కనపడలేదు. రెండు బ్యాండ్ల రౌటర్ తెచ్చి 5 గిగాహెర్ట్జ్‌కు మారినవాళ్లకు వెంటనే కనపడింది. అంకె కాదు, దారి మారడం పనిచేసింది.

అయితే 5 గిగాహెర్ట్జ్‌కు గోడలంటే పడదు. దూరం ఒకటే అయినా పౌనఃపున్యం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. గోడ అడ్డమైతే ఇంకా తగ్గుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, ఇనుప చువ్వలున్న స్లాబు, బీరువా, నీళ్ల ట్యాంకు ఒక్కోటి ఒక్కో వాటా తీసుకుంటాయి. చెక్క, జిప్సం గోడల అమెరికా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని వేసిన అంచనాలు మన డాబాల్లో నిలవవు. 2013లో ఖరారైన 802.11ఏసీ పూర్తిగా 5 గిగాహెర్ట్జ్ ప్రమాణం కావడంతో ‘హాల్లో బ్రహ్మాండం, పడగ్గదిలో శూన్యం’ అన్న అనుభవం ఇంటింటిదైంది. దానికి మందుగా 2016లో ఈరో, గూగుల్ వైఫై లాంటి మెష్ సెట్లు వచ్చాయి, ఒక పెద్ద పెట్టెకు బదులు రెండు మూడు చిన్నవి. కానీ చాలా ఇళ్లలో అంత ఖర్చు లేకుండానే పని జరిగింది. టీవీ వెనక, ఇనుప స్టాండులో దాగిన రౌటర్‌ను ఇంటి నడిమికి, మనిషి ఎత్తుకు జరిపితే చాలు. భారత్‌లో 2005 నుంచి గదుల లోపలికే పరిమితమైన 5 గిగాహెర్ట్జ్ 2018 అక్టోబరులో విస్తరించింది. మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వీలైంది.

ఈలోగా లైను పుంజుకుంది. 2017 తెలుగు రాష్ట్రాలకు ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గ ఏడాది. ఆ మార్చిలో ఏసీటీ ఫైబర్‌నెట్ హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ కనెక్షన్ ప్రారంభించింది. అదే ఏడాది డిసెంబరులో వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. అంతకు ఏడాది ముందే కోనసీమలోని మోరి గ్రామం ఆ ఫైబర్‌తో ముడిపడింది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ నెట్ ఇస్తామన్నది ఆ పథకం. ఒకే ఏడాది, ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల్లో రౌటర్ ప్రశ్నకు రెండు ఎదురెదురు జవాబులు వచ్చాయి. మోరిలో 15 ఎంబీపీఎస్ ఇంటికి పదేళ్ల కిందటి 802.11జి రౌటరే ఆ లైనును మోయగలదు. హైదరాబాద్‌లో గిగాబిట్ ఇంటికి అప్పటి దుకాణాల్లోని రౌటర్లలో చాలావరకు చాలవు.

చాలకపోవడానికి రేడియో ఒక్కటే కారణం కాదు. ఏసీ1200 అని రాసి అమ్మిన చాలా చవక రౌటర్ల వెనక ఉన్నవి 100 ఎంబీపీఎస్ పోర్టులు. 1200 అన్నది 2.4 బ్యాండ్‌లో 300, 5 బ్యాండ్‌లో 867 కలిపి చుట్టిన అంకె. ఒక ఫోను ఆ రెంటినీ కలిపి వాడుకోలేదు. లోపలికొచ్చే ద్వారమే 100 అయితే ప్లాను 200 ఎంబీపీఎస్ అయినా ఇంట్లో 95 దాటదు. గిగాబిట్‌కు తీగలోని ఎనిమిది పోగులూ కలవాలి. నాలుగే కలిపి బిగించినా అంతే, 100 దగ్గర ఆగిపోతుంది. సంపాదన పోగేసి పెద్ద ప్లాను తీసుకున్న కుటుంబం ఒక చిన్న పోర్టు వల్ల సగం వేగానికే పూర్తి డబ్బు కట్టడం ఈ చరిత్రలో బాధ కలిగించే అధ్యాయం. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రేడియో అంకె ఉంటుంది, పోర్టు వేగం పక్కన చిన్న అక్షరాల్లో. 2019 సెప్టెంబరులో జియోఫైబర్ 100 ఎంబీపీఎస్‌తో మొదలై ధరలు దింపాక, ఫైబర్ గ్రాహకం, రౌటర్, రేడియో కలిసిన పెట్టెను కంపెనీయే ఇవ్వడం మామూలైంది. ఎంపిక ఇంటివాళ్ల చేతి నుంచి సర్వీసు సంస్థ చేతికి పోయింది. తన రౌటర్ కావాలనుకున్నవాళ్లు ఆ పెట్టెను, దాని రౌటర్ పని ఆపి లైనును మాత్రం అందించే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని అడగాల్సి వచ్చింది.

2018 అక్టోబరులో వైఫై సంఘం తికమక అక్షరాలకు స్వస్తి చెప్పి తరాలకు వరుస అంకెలు పెట్టింది. ఎన్ వైఫై 4, ఏసీ వైఫై 5, కొత్తగా వస్తున్న ఏఎక్స్ వైఫై 6. ఇంతకుముందు తరాల్లా ఒక్క పరికరం వేగాన్ని పెంచడం కంటే, ఒకే ఛానెల్‌ను ఒకేసారి చాలామందికి ముక్కలుగా పంచడం వైఫై 6 ఉద్దేశం. 2020 లాక్‌డౌన్‌లో దాని అవసరం అర్థమైంది. ఒకే ఇంట్లో తండ్రికి ఆఫీసు మీటింగు, పిల్లలకు ఆన్‌లైన్ క్లాసు, అమ్మమ్మకు అమెరికాలోని కొడుకుతో వీడియో కాల్, అన్నీ ఒకే గంటలో. అయితే పంపకం నేర్చిన రౌటర్ ఉంటే చాలదు, అందుకునే ఫోనూ అదే తరానిదై ఉండాలి. పాత ఫోన్లే ఉన్న ఇంట్లో కొత్త రౌటర్ వల్ల ఒరిగేది కొద్దే.

ఇవన్నీ జరుగుతుండగా తాళం ప్రశ్న ఇంకో రూపంలో తిరిగొచ్చింది. 2016 నవంబరులో మిరాయ్ వైరస్ రకం ఒకటి జర్మనీలో సుమారు 9 లక్షల ఇళ్ల రౌటర్లను దెబ్బతీసింది. 2017 జులైలో భారత్‌లో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని మోడెంలు వేల సంఖ్యలో మూగబోయాయి. 2018 మేలో వీపీఎన్‌ఫిల్టర్ అనే వైరస్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లో చేరింది. 2017లోనే బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ డబ్ల్యూపీఏ2 తాళంలో క్రాక్ అనే లోపాన్ని బయటపెట్టాడు. సాఫ్ట్‌వేర్ మార్పుతో అది సరిపోయింది, కానీ కంపెనీ మార్పులు పంపుతున్న పెట్టెలకే. బాగా నడుస్తున్న రౌటర్‌ను కూడా మార్చాల్సిన ఒకే ఒక్క సందర్భం ఇక్కడే ఉంది: తయారీదారు భద్రతా మార్పులు ఆపేసినప్పుడు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి ప్రత్యామ్నాయం దానికి ఎక్కనప్పుడు. 2025 మేలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అలా మద్దతు ముగిసిన పాత రౌటర్లను నేరగాళ్లు అడ్డాగా వాడుకుంటున్నారని హెచ్చరించింది. బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి తేలిగ్గా ఊహించగల ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లను నిషేధించి, ఎన్నాళ్లు మార్పులు ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పాలన్న చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. పాల ప్యాకెట్టు మీద తేదీ ఉన్నట్టే రౌటర్‌కూ తేదీ ఉండాలన్న ఈ ఆలోచన వేగం అంకెల కంటే కొనేవాడికి ఎక్కువ మేలు చేస్తుంది.

తాజా తరం వైఫై 7. 2024 జనవరిలో దానికి ముద్రలు వేయడం మొదలైంది. ఒకే పరికరం రెండు మూడు బ్యాండ్లను కలిపి వాడుకోవడం, 320 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెళ్లు దాని ప్రత్యేకత. ఆ వెడల్పుకు చోటు 6 గిగాహెర్ట్జ్‌లోనే ఉంది. అమెరికా 2020 ఏప్రిల్‌లో అక్కడ 1200 మెగాహెర్ట్జ్ తెరిచింది, మూడు 320 ఛానెళ్లు పడతాయి. భారత్‌లో 2025 మేలో టెలికాం శాఖ విడుదల చేసిన ముసాయిదా నియమాల్లో ఉన్నది 5925 నుంచి 6425 దాకా, అంటే 500 మెగాహెర్ట్జ్. అది కూడా తక్కువ శక్తితోనే. అందులో 320 వెడల్పు ఛానెల్ ఒక్కటే పడుతుంది. 6 గిగాహెర్ట్జ్ 5 కంటే త్వరగా గోడ దగ్గర ఆగుతుంది. అందువల్ల అది రౌటర్ ఉన్న గదికి, పక్క గదికి ఉపయోగపడే బ్యాండ్. దాన్ని వాడుకోవాలంటే ఫోను, ల్యాప్‌టాప్‌లోనూ 6 గిగాహెర్ట్జ్ రేడియో ఉండాలి.